చిన్న బ్యాటరీ ఎందుకు పడుకుంది

ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నిటిలోకీ పెద్దది రిటైరయ్యాక చేశాను. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు తిరుపతిలో బస్సు డిపో బ్యాటరీ సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి. యాసిడ్ చుక్కలకు చిల్లులు పడని ఖాకీ చొక్కా నాకు ఒక్కటీ ఉండేది కాదు. నేను విప్పిన చొక్కాలు ఇల్లు తుడవడానికి కూడా పనికి రావని మా ఆవిడ సణిగేది. ఇప్పుడు మీలాంటి కుర్రవాళ్ళు మీటరు పెట్టి, ఫోనులో చూసి బ్యాటరీ సంగతి చెప్తారు. మేము మూత తీసి వాసన చూసి చెప్పేవాళ్ళం. ఆ పొగరు నాకు కొంచెం ఎక్కువే ఉండేదని ముందే ఒప్పుకుంటున్నాను.

డిపోలో నాకొక చట్టం ఉండేది. బండి షెడ్డుకు రాగానే డ్రైవరు లైట్లన్నీ ఆర్పి, బ్యాటరీ కటాఫ్ స్విచ్చి తిప్పి, ఆ తర్వాతే దిగాలి. ఆగిన బండిలో ఒక్క తీగలో కూడా కరెంటు పారకూడదు. పొద్దున బండి స్టార్టు కాలేదని కబురొస్తే నేను బ్యాటరీ దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాదు, నేరుగా డ్రైవరు దగ్గరికి వెళ్ళేవాణ్ణి. రాత్రి ఏ దీపం వదిలేసి పోయావని నిలదీసేవాణ్ణి. పదిలో తొమ్మిదిసార్లు నా మాటే నిజమయ్యేది. మిగిలిన ఆ ఒక్కదాని గురించి పైవాళ్ళూ అడగలేదు, నేనూ వెతకలేదు.

చంద్రగిరిలో నాకొక స్నేహితుడున్నాడు. లేత్ మిషను మీద ఇనుము చెక్కే పనివాడు. మా డిపో బస్సులకు బుష్షులు, పిన్నులు ఆయన షెడ్డులోనే చేయించేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, మాతో మన చిత్తూరు తెలుగు. నన్ను అన్నా అంటాడు, నేను భాయ్ అంటాను. ఆయన కూతురు ప్రభుత్వ బడిలో సైన్సు టీచరు. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. కాలికి ఇనుప పట్టీలు వేసుకుని, చేతికర్ర పట్టుకుని నడుస్తుంది. పుట్టినప్పటి నుంచి నా చేతుల్లో పెరిగిన పిల్ల కాబట్టి నన్ను పెద్దనాయనా అని పిలుస్తుంది.

ఆమె బడి పాకాల దారిలో లోపలి పల్లెలో ఉంది. బస్సు క్రాస్ రోడ్డు దగ్గర దింపేసి పోతుంది. అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు. ఆటో నిండితే కదులుతుంది, లేకపోతే లేదు. అందుకని రోజూ పొద్దున భాయ్ తన మోపెడ్ మీద దింపి వచ్చేవాడు, సాయంత్రం షెడ్డు మూసి మళ్ళీ పోయి తెచ్చేవాడు. పక్క చక్రాలున్న స్కూటరు కొన్నాళ్ళు నడిపింది గానీ ఇసుకలో ఒకసారి పడింది. ఆ రోజుతో వాళ్ళమ్మ దాన్ని అమ్మించేసింది. కారంటే క్లచ్ తొక్కడానికి ఎడమకాలు కావాలి. క్లచ్ లేని కారు ధర వాళ్ళకు అందేది కాదు.

భాయ్ షెడ్డులో ఇంజను పట్టేసిన పాత చిన్న కారొకటి దుమ్ము కొట్టుకుని ఉండేది. ఒక ఆదివారం మేమిద్దరం టీ తాగుతుంటే ఆ పిల్ల దాని చుట్టూ ఒక తిరుగు తిరిగి వచ్చి, ఇంజనే తీసేసి కరెంటు మోటారు పెడితే క్లచ్‌తో పనేముంటుందని అడిగింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇన్నేళ్ళు బండ్లతో బతికిన వాళ్ళం, మాకు తట్టలేదు.

అలా మొదలైంది. ప్రభుత్వ అనుమతి కాగితాలతో సహా మోటారు కిట్టు తెప్పించాడు భాయ్. మోటారునూ గేరుబాక్సునూ కలిపే ముక్కను లేత్ మీద మూడుసార్లు చేశాడు. మొదటిది ఊగింది, రెండోది మూలిగింది, మూడోది ఒదిగింది. క్లచ్ పెడల్‌ను ఊడదీసి కూతురి చేతికిచ్చాడు, ఆమె దాన్ని బడికి తీసుకుపోయి పిల్లలకు చూపించిందట. వైరింగ్ పని మొత్తం నాది. ఇంకొకరిని వేలు పెట్టనివ్వలేదు.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి, విసుక్కోకండి. ఇలా మార్చిన కారులో రెండు రకాల బ్యాటరీలుంటాయి. డిక్కీలో ఉండే పెద్దది మోటారును తిప్పుతుంది. ముందు బానెట్ కింద మామూలు పన్నెండు వోల్టుల చిన్నది ఉంటుంది. దీపాలు, హారను, వైపరు దానివే. ఇంకా ముఖ్యమైన పని మరొకటి దానికుంది. పెద్ద బ్యాటరీ కరెంటు బయటికి రావాలన్నా, లోపలికి పోవాలన్నా ఒక నల్లడబ్బా తలుపులా తెరుచుకోవాలి. టక్కుమని తెరుచుకునే ఆ డబ్బాను తెరిచిపట్టుకునేది ఈ చిన్న బ్యాటరీయే. చిన్నది పడుకుంటే పెద్దది నిండుగా ఉన్నా బండి కదలదు. పెట్రోలు కారులో చిన్న బ్యాటరీని ఇంజను నింపుతూ ఉంటుంది. ఇక్కడ ఇంజనే లేదు కాబట్టి, పెద్దదాన్నుంచి కొంచెం తీసి చిన్నదానికి పోసే కన్వర్టరు ఒకటి పెడతాం. దాన్ని నేను కీకి కట్టాను. కీ తిప్పితే పనిచేస్తుంది, తీస్తే ఆగుతుంది. ఆగిన బండిలో కరెంటు పారకూడదన్న నా డిపో చట్టాన్ని ఆ కారుకూ వేసి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొదటిసారి కోట పక్క రోడ్డు మీద ఆమె నడిపినప్పుడు భాయ్ పక్క సీట్లో కూర్చున్నాడు, నేను వెనక కూర్చున్నాను. శబ్దం లేదు, గేరు మార్చడం లేదు. కుడికాలితోనే అంతా. రాజమహల్ మలుపు దాటాక భాయ్ కిటికీ వైపు తిరిగి జేబురుమాలు తీశాడు. దుమ్ము పడిందన్నాడు. అద్దాలన్నీ ఎక్కించే ఉన్నాయి.

లర్నింగ్ లైసెన్సు మీద, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఆమె బడికి పోయి రావడం మొదలుపెట్టింది. రెండో వారంలో ఒక పొద్దున కీ తిప్పితే డాష్‌బోర్డు మీద ఎర్రదీపం మినుకుమని ఆరిపోయింది. నేను తిరుపతి నుంచి బస్సెక్కి వెళ్ళి చూస్తే చిన్న బ్యాటరీ పడుకుని ఉంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ముప్ఫై ఏళ్ళుగా వస్తున్నదే.

"లోపల దీపం ఆర్పినావా?"

"ఆర్పినాను పెద్దనాయనా."

నమ్మలేదు. బ్యాటరీ నింపి పెట్టి వచ్చాను. పది రోజులకు మళ్ళీ పడుకుంది. అప్పుడూ అదే ప్రశ్న, అదే జవాబు. బ్యాటరీయే పాతబడిందేమోనని, నా చేతులతో బాగుచేసిన ఇంకొకటి తెచ్చి పెట్టాను. అది వారం తిరక్కుండా చతికిలబడింది. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. నా చేతి బ్యాటరీకి వంక పెట్టడమా? ప్రహరీ గోడ దగ్గర ఇరుగుపొరుగు నిలబడి చూస్తున్నారు. వాళ్ళ ముందే అనేశాను, పదిమందికి చదువు చెప్పే టీచరమ్మవు, ఒక్క స్విచ్చి గుర్తు పెట్టుకోలేవా అని. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. కర్ర పట్టుకుని లోపలికి పోయింది. భాయ్ నన్ను ఏమీ అనలేదు, అన్నా అని కూడా అనలేదు. టీ తాగకుండా వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత ఆ పిల్లే ఫోను చేసింది. ఇంకొకరైతే చేసేవాళ్ళు కాదు. బండి పడుకున్న ప్రతిసారీ దానికి ముందు రాత్రి ఛార్జింగ్ పెట్టి ఉన్నామని, ఛార్జింగ్ పెట్టని రాత్రి తర్వాత ఒక్కసారి కూడా పడుకోలేదని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. ఛార్జింగ్ పెట్టిన మర్నాడు పొద్దున ఆ నల్లడబ్బాను తాకితే వెచ్చగా ఉంటోందట. రాత్రంతా ఊరికే ఉన్న డబ్బా ఎందుకు వేడెక్కుతుందని అడిగింది.

నేను నవ్వాను. ఛార్జింగ్ పెడితే బ్యాటరీ నిండుతాది గానీ ఖాళీ అవుతాదా తల్లీ, నువ్వు పోయి పిల్లోళ్ళకు పాఠం చెప్పుకో అన్నాను. సరే పెద్దనాయనా అని ఫోను పెట్టేసింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఇంతలో రవాణా ఆఫీసు నుంచి రోజు ఖాయమైంది. తిరుపతిలో ఇన్‌స్పెక్టరు మార్చిన బండిని చూస్తారు, అందులోనే ఆమెకు డ్రైవింగ్ పరీక్ష పెడతారు. రెండూ గట్టెక్కితే ఒంటరిగా బడికి పోవచ్చు. గట్టెక్కకపోతే ఆమె బడి వదలాల్సిందే, ఎందుకంటే వాళ్ళమ్మ దగ్గర మాటిచ్చేసింది. పరీక్షలో బండి నిలవకపోతే ఊళ్ళోనే ఉన్న ఆఫీసులో గుమాస్తా పనికి డిప్యుటేషన్ మీద పోతానని అర్జీ కూడా రాసి బీరువాలో పెట్టింది. ఎన్నాళ్ళని భాయ్ రెండు పూటలా షెడ్డు మూసి తిరుగుతాడు? వాళ్ళమ్మ మాటలో తప్పులేదు. కానీ కప్ప గుండె ఎలా కొట్టుకుంటుందో చేతులాడిస్తూ చెప్పే మనిషి ఫైళ్ళకు తాడు కట్టుకుంటూ కూర్చోవడం నాకు మింగుడు పడలేదు.

ముందు రోజు సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. ఈసారి ఎవరినీ నమ్మదలచుకోలేదు. లోపలి దీపం నేనే ఆర్పాను. తలుపులు నేనే తోసి చూశాను. పెద్ద బ్యాటరీ నిండుగా ఉండాలని ఛార్జర్ కూడా నేనే పెట్టాను. తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని వాళ్ళ వరండాలోనే పడుకున్నాను.

పొద్దున ఏడు గంటలకు అందరూ చూస్తుండగా ఛార్జర్ తీశాను. బానెట్ కింద టక్కుమని నల్లడబ్బా తలుపు మూసుకున్న శబ్దం. కీ తిప్పాను. ఎర్రదీపం మినుకుమంది, ఆరిపోయింది.

భాయ్ తల పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. పది గంటలకు తిరుపతిలో ఉండాలి. నేను నోరు తెరిచి, అలవాటు ప్రకారం అడగబోయి, అడగడానికి మనిషి లేక ఆగిపోయాను. దీపం ఆర్పింది నేనే. తాళం నా జేబులోనే ఉంది.

ఆ పిల్ల నా వైపు చూసింది. ఎత్తిపొడుపు లేదు, నవ్వూ లేదు.

"నువ్వు ఆర్పే ఉంటావు పెద్దనాయనా. ఒకసారి ఈడ చెయ్యి పెట్టి సూడు" అంది.

బానెట్ ఎత్తి ఉంది. నల్లడబ్బా మీద చెయ్యి పెట్టాను. జ్వరం వచ్చిన బిడ్డ నుదురులా వెచ్చగా ఉంది.

అప్పుడు తెలిసొచ్చింది. రాత్రంతా పెద్దదాంట్లోకి కరెంటు పోవాలంటే ఆ తలుపు తెరిచే ఉండాలి. దాన్ని తెరిచి పట్టుకున్నది ఈ చిన్న బ్యాటరీ. ఛార్జర్ ఫ్యాను కూడా దీని మీదే తిరుగుతోంది. దీనికి తిరిగి పోయాల్సిన కన్వర్టరును మాత్రం నేను కీకి కట్టేసి, కీ తీసి జేబులో పెట్టుకున్నాను. పెద్దది నిండే కొద్దీ చిన్నది ఖాళీ అవుతూ వచ్చింది. పగలు బడికి పోయి వచ్చినప్పుడు కాస్త కోలుకోవడం, మళ్ళీ ఛార్జింగ్ రాత్రి నీరసించడం. ఒక్కోసారి తట్టుకునేది, ఒక్కోసారి పడిపోయేది. ఆ పిల్ల ఫోనులో ఈ మాటే చెప్పింది, నేను చెవిన పెట్టలేదు.

తప్పు తెలిసింది గానీ బండి లేవాలి కదా. హైవే మీదికి పోయి ఏదైనా లారీ బ్యాటరీ అడిగి తెద్దామని నేను కంగారుగా చెప్పులేసుకున్నాను. లారీ ఎప్పుడు దొరకాలి, అంత బరువు ఎవరు మోయాలి? భాయ్ మోపెడ్ తీయబోతే ఆ పిల్ల ఆపింది.

"నీ బస్సు బ్యాటరీ అంటే ఇంజను తిప్పాల పెద్దనాయనా. దీంట్లో తిప్పేదానికి ఏముండాది? ఆ టక్‌మనేదానికి ఎంత కావాల?"

వేళ్ళ మీద లెక్కేశాను. రెండు ఆంపియర్లు కూడా అక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు తిప్పిన బ్యాటరీలు మోసి మోసి, బ్యాటరీ అంటే బరువే అని నా బుర్రలో పడిపోయింది. ఒకసారి తలుపు తెరుచుకుని కీ తిప్పితే చాలు, ఆ తర్వాత పెద్దదే చిన్నదాన్ని నింపుకుంటుంది.

వాళ్ళమ్మ అంతవరకూ గుమ్మంలో నిలబడి వింటోంది. గుమాస్తా పనికి పొమ్మని పట్టుబట్టిన మనిషి కొంగు బిగించి పక్కింటికి పోయింది. వాళ్ళు టమోటా రైతులు. రెండు నిమిషాల్లో, వీపుకు తగిలించుకుని చేలో మందు కొట్టే స్ప్రేయరు మోసుకొచ్చింది. మందు వాసన గుప్పుమంటోంది. ఆ స్ప్రేయరు అడుగున పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉంటుంది, ఇటుకరాయంత. "ఇది సాల్తాదా అన్నా?" అని నన్నే అడిగింది. బ్యాటరీ విప్పి రెండు తీగలతో కలిపాను. ఆ పిల్ల లోపల కూర్చుని కీ తిప్పింది.

టక్.

డిపోలో వందల బస్సులు లేపాను గానీ ఏ శబ్దానికీ నా కళ్ళు అలా తడవలేదు. కన్వర్టరు మీద పచ్చదీపం వెలిగింది. కాసేపు ఆగి స్ప్రేయరు బ్యాటరీ తీసేశాను. కీ మాత్రం తిరుపతి చేరేదాకా తీయొద్దని చెప్పాను.

ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాల మనిషి, నిదానస్తుడు. కాగితాలు చూశారు, బండి కింద వంగి చూశారు, భాయ్ చేసిన ముక్కను వేలితో తట్టి చూశారు. నిలబెట్టిన బండికి కీ ఎందుకు వేసి ఉంచారని అడిగారు. ఆ తర్వాత, ఈ బండి ఎప్పుడైనా స్టార్టు కాకుండా మొరాయించిందా అని అడిగారు.

భాయ్ నేల చూశాడు. ఆ పిల్ల నా వైపు చూసింది. లేదు సార్ అంటే అంతటితో అయిపోయేది. కాగితం మీద సంతకం పడేది. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ నెల రోజులుగా నిజం చెప్పినందుకే కదా ఆ పిల్ల నా చేత తిట్లు తిన్నది. నాలుగుసార్లు సార్, ఈ పొద్దున కూడా, అన్నాను. తప్పు బండిది కాదు, నడిపే మనిషిది కాదు, తీగలు కట్టిన నాది అని మొత్తం చెప్పాను.

ఆయన నేను చెప్పింది కాగితం మీద రాసుకున్నారు. రోడ్డు మీద నడుస్తూ ఎప్పుడైనా ఆగిందా అని అడిగారు. ఎప్పుడూ లేదన్నాను. అప్పుడాయన ఆ పిల్ల వైపు తిరిగి, ఎలా సరిచేస్తారో నువ్వు చెప్పమ్మా అన్నారు. ఆమె బానెట్ మీది దుమ్ములో వేలితో గీతలు గీసి, ఛార్జర్ పెట్టినప్పుడు కూడా కన్వర్టరు పనిచేసేలా ఇంకొక దారి ఎలా ఇవ్వాలో చెప్పింది. ఆయన తలూపుతూ విన్నారు. పరీక్ష పెట్టారు. ఎత్తు మీద ఆపి ఎక్కించమన్నారు, వెనక్కి పోనిమ్మన్నారు, ఇరుకులో తిప్పమన్నారు. ఒక్కచోట కూడా తడబడలేదు.

"నడపడంలో పాసైనావమ్మా. బండికి మాత్రం ఇప్పుడు సంతకం పెట్టను. సరిచేసి, రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, పొద్దున నేరుగా నా దగ్గరికి తీసుకురండి" అన్నారు.

ఆ మధ్యాహ్నమే చంద్రగిరిలో పని మొదలుపెట్టాను. కరెంటు తగిలితే దానంతటదే కలిసే ఒక చిన్న రిలే స్విచ్చి, నాలుగు మూరల తీగ. గంట కూడా పట్టలేదు. పని అవుతుంటే ఇరుగుపొరుగు మళ్ళీ అదే గోడ దగ్గర చేరారు. చేతులు తుడుచుకుని లేచి, వాళ్ళందరూ వినేలా చెప్పాను. ఈ పిల్ల ఏ దీపమూ వదల్లేదు, తప్పంతా నాది, ఆ రోజు అన్న మాట నేను అనకూడనిది, అని. ఆ పిల్లకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "టీ తాగు పెద్దనాయనా, ఆ పొద్దు తాగకుండా పోయినావు" అంది. భాయ్ రెండు గ్లాసులు తెచ్చి నా పక్కన కూర్చుని, చాలా రోజుల తర్వాత అన్నా అన్నాడు.

మర్నాడు పొద్దున చిన్న బ్యాటరీ ముందు సాయంత్రం కంటే నిండుగా ఉంది. ఇన్‌స్పెక్టరు తానే కూర్చుని కీ తిప్పి చూసి సంతకం పెట్టారు. బీరువాలోని అర్జీని వాళ్ళమ్మే చించి పొయ్యిలో వేసింది.

ఇంకొక పని మిగిలింది. డిపోలో ఉండగా ఒక డ్రైవరు, లైట్లు ఆర్పానని దేవుడి మీద ఒట్టు పెట్టినా వినకుండా, ఆయన మీద రిపోర్టు రాశాను. ఆయనకు మెమో ఇచ్చారు. ఇప్పుడాయన శ్రీకాళహస్తిలో ఉంటున్నాడు. నంబరు సంపాదించి ఫోను చేశాను. ఆ రోజు నేను బ్యాటరీ చూడకుండానే రాశానప్పా, నువ్వు ఆర్పావో లేదో నాకు నిజంగా తెలియదు అన్నాను. ఆయన నవ్వి, "ఆర్పినానన్నా. ఇన్నేళ్ళకు అడిగినావు, సంతోషం" అన్నాడు.

చిన్నవాళ్ళకు నేను చెప్పేది ఎక్కువేమీ లేదు. ఎవరైనా నేను ఆర్పాను అంటే, ముందు బ్యాటరీ చూడండి. మనిషిని తర్వాత చూడొచ్చు.

మొన్నామధ్య బడి సెలవు రోజున ఆ పిల్ల ఒక్కతే కారేసుకుని తిరుపతి వచ్చింది. మా ఇంటి ముందు ఆపి, కీ తీసి, కర్ర పట్టుకుని దిగింది. నేను ఎదురెళ్ళాను. అలవాటు ఎక్కడికి పోతుంది, నా నడుము దానంతటదే కిటికీ వైపు వంగింది.

"ఆర్పినాను పెద్దనాయనా" అంది.

సగం వంగినవాణ్ణి అలాగే లేచాను. లోపలికి చూడలేదు. ఆమె చేతిలో సంచి అందుకుని, పద తల్లీ అంటూ ఇంట్లోకి నడిచాను.